నేరం లినక్సుది కాదు

“లినక్సా? అయితే మేమేమీ చేయలేమండీ.”

2006లో గుంటూరులోని మా యింటికి బ్రాడ్‌బ్యాండు వచ్చిన తొలివారంలోనే ఈ మాట మూడుమార్లు విన్నాను. మూడుమార్లూ వేర్వేరు గొంతులు, మాట మాత్రం ఒక్కటే. ఎదుటివాడి కులం తెలియగానే సంభాషణ ముగించినట్టుండేది ఆ ధోరణి.

జరిగింది ఇది. లైన్‌మన్ కుర్రవాడు వచ్చి, విండోస్ ఎక్స్‌పీలో సంధానం ఏర్పరచి, సంతకం పెట్టించుకుని వెళ్ళాడు. అది చక్కగా పనిచేసింది. నాకు లినక్సు కావాలి గనుక, కంప్యూటరుకు బదులు మోడెమే డయల్ చేసేలా మార్చాను. పింగ్ వెళ్ళింది. చిన్న పేజీలు వచ్చాయి. పెద్దవి మాత్రం పేరు కనబడి, ఆపైన తెల్లతెరగా నిలిచిపోయేవి. తెలుగు పేజీల గతి మరీ అధ్వాన్నం. యూటీఎఫ్-8లో మన అక్షరసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. ఆంగ్లంలో చిన్నదనిపించే పేజీ తెలుగులో ఇట్టే పెరిగిపోతుంది. నేనేమో ఫాంటులను తిట్టుకుంటూ రెండు రాత్రులు గడిపాను. పేజీయే ఇల్లు చేరనప్పుడు పాపం ఫాంటు ఏం చేస్తుంది!

అసలు కథ పీపీపీఓఈ అనే ప్రోటోకాల్‌ది. పాత డయలప్ నాటి పీపీపీ పద్ధతికి ఈథర్‌నెట్ చొక్కా తొడిగితే వచ్చిన రూపమది. 1999 ఫిబ్రవరిలో ఆర్ఎఫ్‌సీ 2516గా వెలువడింది. ఈథర్‌నెట్ పొట్లంలో 1500 బైట్లు పడతాయి. ఈ చొక్కాకు 8 బైట్లు పోతే మిగిలేది 1492. అవతలి సర్వరుకు ఆ సంగతి తెలియక 1500 బైట్ల పొట్లం కట్టి, ముక్కలు చేయవద్దని రాసి పంపుతుంది. ఆ పొట్లం దారిలో ఇమడదు. “పొట్లం పెద్దదయింది, తగ్గించు” అని రౌటరు వెనక్కి కబురంపుతుంది. ఆ కబురును దారిలో ఏదో ఫైర్‌వాల్ మింగేస్తుంది. సర్వరు అదే పొట్లాన్ని మళ్ళీ మళ్ళీ పంపుతూ ఉంటుంది, మనం తెల్లతెరను చూస్తూ ఉంటాం. ఈ జాడ్యాన్ని 2000లోనే ఆర్ఎఫ్‌సీ 2923 వివరించింది. అంటే మా యింటికి తీగ రావడానికి ఆరేళ్ళ ముందే.

మరి ఎక్స్‌పీలో ఎలా పనిచేసింది? అక్కడ డయల్ చేసింది ఎక్స్‌పీయే. ఆ సంధానానికి అది తనంతట తానే 1480 పరిమితి పెట్టుకుని, అంతకు తగ్గ ముక్కలే పంపమని అవతలివారికి ముందుగా చెబుతుంది. పంతం పట్టి అదే ఎక్స్‌పీని మోడెము వెనుక కూర్చోబెట్టి చూశాను. అవే పేజీలు, అదే తెల్లతెర! ముక్కలు చేయవద్దన్న షరతుతో పింగ్ చేస్తే 1464 బైట్లు తిరిగి వచ్చాయి, 1465 రాలేదు. శీర్షికల 28 కలిపితే సరిగ్గా 1492. లినక్సులో ఈథర్‌నెట్ కార్డు పరిమితిని 1492కు దింపే ఒక్క ఆదేశం ఇచ్చాను. పేజీలన్నీ బిలబిలమంటూ వచ్చేశాయి. నిజానికి ఆ సర్దుబాటు మోడెమే చేసి ఉండవలసింది.

నిర్వహణ వ్యవస్థలు ఎన్నడూ తగవు తేవని నేననను. 2007లో విస్టా వచ్చినప్పుడు, ఐపీ చిరునామా అడిగేటప్పుడు జవాబును బ్రాడ్‌కాస్టుగా పంపమని కోరేది. నియమాల ప్రకారం అది తప్పు కాదు. అయినా కొన్ని రౌటర్లు బదులివ్వలేకపోయాయి. రిజిస్ట్రీలో ఒక విలువ మార్చుకోమని మైక్రోసాఫ్టే చెప్పవలసి వచ్చింది. “విస్టా అయితే మేమేమీ చేయలేమండీ” అనే ధైర్యం అప్పుడెవరికైనా ఉండేదా? పదిమంది వాడేదానికి మందు వెతుకుతారు; ఒకడు వాడేదానికి నేరం అంటగడతారు. నా ఫిర్యాదు అంతా ఇక్కడే.

కరెంటు ఆఫీసువారు మన యింట్లో ఏ కంపెనీ ఫ్యాను తిరుగుతోందని అడగరు. 230 వోల్టులు, 50 హెర్ట్జులు అని చెప్పి ఊరుకుంటారు. ఆ మాట మీద ఎవరి ఫ్యాను వారు బిగించుకుంటారు. బ్రాడ్‌బ్యాండు అమ్మేవారు సైతం రసీదు మీద నాలుగు ముక్కలు అచ్చువేస్తే చాలు: ఏ ప్రోటోకాల్, డీఎస్ఎల్ అయితే వీపీఐ, వీసీఐ అంకెలేమిటి, పొట్లం పరిమితి ఎంత. నాకిచ్చిన సీడీలో ఇవేవీ లేవు, విండోసుకు పనికివచ్చే డయలరు మాత్రం ఉంది. పీపీపీఓఈలోనూ 1500 బైట్లు పట్టించే మార్గాన్ని 2006 సెప్టెంబరులోనే ఆర్ఎఫ్‌సీ 4638 చూపింది. నేటి ఫైబరు కనెక్షన్లలోనూ పీపీపీఓఈ కొన్నిచోట్ల నడుస్తూనే ఉంది. కానీ పరిమితి ఎంతో రసీదులో వెతికితే నాకు నేటికీ కనబడలేదు.

ఆ లైన్‌మన్ కుర్రవాణ్ణి మాత్రం తప్పుపట్టలేను. 0, 35 అనే వీపీఐ, వీసీఐ అంకెలు నాకు చెప్పింది అతడే. అవీ ఎవరూ అతడికి నేర్పినవి కావు, తంటాలు పడి తెలుసుకున్నవి. 1492 సంగతి చెబితే చొక్కాజేబులోని పుస్తకం వెనుక అట్టమీద రాసుకున్నాడు. కొన్ని నెలల తరువాత ఒక సాయంత్రం ఫోను చేశాడు. “సార్, అట్ట చినిగిపోయింది. అరండల్‌పేటలో ఇంకో లినక్సాయన ఉన్నారు. ఆ అంకె ఎంతన్నారు?”