సెంటీమీటరు చెప్పని చట్టం

పాత కారు స్ప్రింగులు చచ్చుబడితే బాగుచేయించుకోవడం నేరం కాదు. ఆ పని చేయించేటప్పుడే కారును రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దించుకుంటే? బొల్లారంలో కారున్న పౌరుడెవరైనా ఈ ప్రశ్న పట్టుకుని తిరుమలగిరి రవాణా కార్యాలయానికి వెళ్లవచ్చు. ఎంతవరకు దించవచ్చు, ఏ పరీక్ష చేయించాలి, ఎవరు సంతకం పెట్టాలి అన్నదానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో జవాబు దొరకదు. శిక్ష మాత్రం 182ఏ సెక్షన్‌లో సిద్ధంగా ఉంది. అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అనుమతి పొందే దారి వేయకుండానే శిక్ష రాసిపెట్టారు. ఈ అన్యాయానికి మొదటి బాధ్యత కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖది. ఏళ్ల తరబడి మౌనంగా ఉన్న రాష్ట్ర రవాణా శాఖకూ ఇందులో పాలుంది.

బొల్లారం పాత కార్లు బతికే చోటు. కంటోన్మెంటు బంగళాల్లో, రిసాలా బజార్ గల్లీల్లో, ఉద్యోగ విరమణ చేసిన సైనిక కుటుంబాల ఇళ్ల ముందు ఇవాళ్టికీ మారుతీ 800లు, జెన్‌లు, అరుదుగా ఒక పద్మినీ, ఒక అంబాసిడర్ కనిపిస్తాయి. నెంబరు పలక మీద ఇంకా ఏపీ 10 అనే ఉంటుంది. వీటిలో ఎక్కువ భాగం ముచ్చట కోసం దాచుకున్నవి కావు. మోకాళ్ల నొప్పులతో ఉన్న పెద్దవాళ్లను తిరుమలగిరి మిలిటరీ ఆసుపత్రికి తీసుకెళ్లి తెచ్చేవి, పింఛను డబ్బులతో నడిచేవి. కొత్త కారు కొనే స్తోమత లేకో, ఉన్నదాన్ని చక్కగా చూసుకునే అలవాటు వల్లో వీటిని కాపాడుకుంటున్న మనుషులను చట్టం అనుమానితుల్లా నిలబెట్టకూడదు.

కారును దించడమంటే కుర్రాళ్ల ఆర్భాటమని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లున్నారు. వాస్తవం అంత తేలిక కాదు. పాత కారుకు అసలు స్ప్రింగులు దొరకడం కష్టం. రాణిగంజ్‌లో దొరికినవి తెచ్చి బిగిస్తే కారు ఉండాల్సిన ఎత్తు కన్నా పైకి లేవవచ్చు. పైకి లేచిన కారు మలుపులో ఎక్కువ ఒరుగుతుంది, ఎక్కి దిగడానికి వయసు మళ్లినవాళ్లు అవస్థ పడతారు. దాన్ని మళ్లీ సరైన ఎత్తుకు తేవడం కూడా దించడమే. ఇక కావాలనే కొంచెం తగ్గించుకునేవాళ్లకూ కారణం ఉంది. గురుత్వ కేంద్రం కిందికి వస్తే కారు రోడ్డును మెరుగ్గా పట్టుకుంటుంది. పద్ధతిగా చేస్తే ఇది భద్రతను పెంచే పని.

పద్ధతి ఏమిటో షెడ్డులో ఏ మంచి మెకానిక్‌ను అడిగినా చెబుతాడు. ముందు రిపేరు పూర్తి కావాలి. అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు, నూనె కారే షాక్‌లు అన్నీ తీసేయాలి. స్ప్రింగులూ షాక్‌లూ ఎప్పుడైనా జతగానే మార్చాలి, ఒక పక్కది కొత్తది, రెండో పక్కది పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు కారు ఒక వైపుకు లాగుతుంది. దించాలనుకుంటే ఆ కారు బరువుకు లెక్క కట్టి తయారు చేసిన పొట్టి స్ప్రింగు, దానికి తగిన పొట్టి షాక్, తగ్గిన ప్రయాణానికి సరిపోయే బంప్ స్టాపర్ మూడూ కలిసి రావాలి. ఆ తర్వాత అలైన్‌మెంట్, చివరగా హెడ్‌లైట్ల కోణం సరిచూడాలి. చక్రం పూర్తిగా తిప్పి, డిక్కీలో బరువు వేసి, టైరు ఎక్కడా బాడీకి తగలడం లేదని చూడాలి.

దారి లేనిచోట జరుగుతున్నది వేరు. గ్యాస్ కట్టర్‌తో స్ప్రింగు చుట్టు ఒకటి కోసేస్తారు. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలినది ఐదో వంతు గట్టిపడుతుంది, ఎందుకంటే స్ప్రింగు గట్టిదనం చుట్ల సంఖ్యకు విలోమంగా ఉంటుంది. షాక్ మాత్రం పాత మెత్తదనానికి లెక్క కట్టినదే. అది ఆ కొత్త ఊపును అదుపు చేయలేదు. కోసిన చివర గిన్నెలో సరిగా కూర్చోదు. కారు గతుకులో ఎగిరి చక్రం కిందికి వేలాడిన క్షణంలో స్ప్రింగు తన చోటు నుంచి జారిపోవచ్చు. అంతకన్నా ఘోరం, కోయకుండా ఎర్రగా కాల్చి కుంగదీయడం. కాల్చిన చోట ఉక్కు పదును పోతుంది, ఆ స్ప్రింగు రోజురోజుకూ కుంగుతూ ఎప్పుడో ఒకరోజు విరుగుతుంది. వెనక కమాన్ పట్టీలున్న పద్మినీ, అంబాసిడర్ లాంటి కార్లలో కట్ట నుంచి ఒక పట్టీ తీసేస్తారు. కారు దిగుతుంది, మోయగల బరువూ తగ్గుతుంది. అందులో నలుగురు కూర్చుని పండక్కి ఊరికి బయలుదేరితే రాజీవ్ రహదారి మీద ఇరుసు వెళ్లి స్టాపర్‌కు గుద్దుకుంటూనే ఉంటుంది. ఇలాంటి పని ప్రాణాలకు ముప్పు. దీన్ని చేసినవాళ్లనూ చేయించుకున్నవాళ్లనూ శిక్షించాల్సిందే. మా అభియోగమల్లా, ఈ ఘోరాన్నీ లెక్క ప్రకారం చేసిన పనినీ విడదీసి చూసే కొలబద్ద చట్టం చేతిలో లేకపోవడం గురించి.

చట్టం ఈ స్థితికి ఎలా వచ్చిందో చూడండి. 2000లో 52వ సెక్షన్‌ను సవరించి, ఆర్సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదన్నారు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని గట్టిగా నిలబెట్టింది. బాడీనీ చాసిస్‌నూ ఇష్టం వచ్చినట్టు మార్చే ధోరణిని అడ్డుకోవడానికి ఆ తీర్పు అవసరమే. అదే ఏడాది పార్లమెంటు చట్టాన్ని మళ్లీ సవరించింది. మార్పులకూ అదనపు అమరికలకూ ప్రమాణాలు, షరతులు నిర్ణయించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. అంటే దారి వేయడానికి కావలసిన అధికారం ఢిల్లీ చేతిలో 2019 నుంచే ఉంది. ఇప్పుడు ఆర్సీని చూడండి. అందులో చాసిస్ నెంబరు ఉంటుంది, ఇంజిన్ నెంబరు ఉంటుంది, వీల్‌బేస్, ఖాళీ బరువు, రంగు ఉంటాయి. నేల నుంచి కారు ఎత్తు ఎంతో రాసే గడి ఉండదు. చట్టం అడ్డుకున్నది ఆర్సీ వివరాలతో వచ్చే తేడాను. ఆర్సీలో లేని ఎత్తును ఏ వివరంతో పోల్చి తప్పు పడతారు? రోడ్డు మీద తనిఖీ చేసే అధికారి కంటి అంచనాతో. కంటి అంచనా మీద ఆధారపడిన శిక్ష బేరసారాలకు తావిస్తుంది. అది పౌరుడికీ మంచిది కాదు, నిజాయితీగా పనిచేసే అధికారికీ మంచిది కాదు.

ఇదే ప్రభుత్వం మిగతా మార్పులకు చక్కగా దారి వేయగలిగింది. పెట్రోలు కారుకు సీఎన్‌జీ సిలిండరు బిగించుకోవచ్చు. ఆమోదం పొందిన కిట్టు, అనుమతి ఉన్న వర్క్‌షాపు, ఆర్సీలో నమోదు, అంతే. ఇంజినే పీకేసి బ్యాటరీ, మోటారు పెట్టుకోవడానికి కూడా ప్రమాణాలు రాశారు. పుణెలో ఏఆర్ఏఐ, మానేసర్‌లో ఐక్యాట్ లాంటి పరీక్షా సంస్థలు ఉన్నాయి. డిక్కీలో అధిక పీడనంతో ఉండే గ్యాసు సిలిండరుకు ప్రమాణం రాయగలిగిన దేశానికి నాలుగు స్ప్రింగులకు ప్రమాణం రాయడం అసాధ్యమంటే మేము నమ్మం.

బయటి దేశాలు ఈ పని ఎప్పుడో చేశాయి. జర్మనీలో పొట్టి స్ప్రింగు కొంటే ఏ మోడల్‌కు, ఎంత దించడానికి, ఏ షరతులతో పనికొస్తుందో చెప్పే పరీక్షా పత్రం దానితో పాటే వస్తుంది. బిగించాక కారును టీయూవీ లాంటి తనిఖీ సంస్థ ఇంజినీరుకు చూపిస్తే ఆయన ధ్రువీకరిస్తాడు. ఆ ధ్రువీకరణ లేకపోతే కారు రోడ్డెక్కే అర్హతే పోవచ్చు. జపాన్ తనిఖీలో కారు అడుగు నేలకు కనీసం తొమ్మిది సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఆస్ట్రేలియాలో ఇరుసుకు అటూ ఇటూ మీటరు దూరంలో పది సెంటీమీటర్ల ఎత్తు తప్పనిసరి, సస్పెన్షన్ ప్రయాణంలో మూడింట రెండు వంతులు మిగలాలన్న మార్గదర్శకాలున్నాయి, పెద్ద మార్పుకు ఇంజినీరు ధ్రువపత్రం కావాలి. మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ తెలుగు కుర్రాడు రశీదు, ధ్రువపత్రం చేతిలో పెట్టుకుని నిశ్చింతగా చేయించుకునే పనిని అతని తండ్రి ఇక్కడ షెడ్డు వెనక చాటుగా చేయించుకోవాల్సి వస్తోంది. ఆ చాటుతనమే ప్రమాదం. చాటుగా చేసిన పనికి రశీదు ఉండదు, బీమా కంపెనీకి చెప్పరు, రేపు ప్రమాదం జరిగితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది.

రెండో అభియోగం రోడ్ల మీద. సస్పెన్షన్ ఊరికే పాడు కాదు. బొల్లారం చుట్టుపక్కల దారులకు యజమానులు ఎక్కువ. ఒక వీధి కంటోన్మెంటు బోర్డుది, పక్క దారి సైన్యానిది, అల్వాల్ వైపు వెళ్తే కార్పొరేషన్‌ది, రాజీవ్ రహదారి రాష్ట్ర ప్రభుత్వానిది. గుంత ఎవరిదో తేల్చుకునేలోపు షాక్ పోతుంది. డిసెంబరులో దక్షిణ విడిదికి రాష్ట్రపతి ఇక్కడి రాష్ట్రపతి నిలయానికి వస్తున్నారంటే అధికారులు ఆ దారులన్నీ పరిశీలించి గుంతలు పూడ్పిస్తారు. అంటే పని చేతకాక కాదు. మిగిలిన పదకొండు నెలలూ ఆ దారుల్లో తిరిగేవాళ్లు కూడా ఈ రిపబ్లిక్ పౌరులే.

స్పీడ్ బ్రేకర్ల సంగతి ఇంకా బాధాకరం. వీటికి కొలత లేదనడానికి లేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 99 పేరుతో ప్రమాణం ఇచ్చింది. దాని ప్రకారం గుండ్రటి గడ్డ పొడవు 3.7 మీటర్లు, ఎత్తు పది సెంటీమీటర్లు, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పెద్దగా కుదుపు లేకుండా దాటగలగాలి. ముందు హెచ్చరిక బోర్డు, గడ్డ మీద స్పష్టంగా కనిపించే రంగు గీతలు ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన ఇరుకు గడ్డల్లో ఎన్నింటికి ఈ కొలతలున్నాయి? టేపు పట్టుకుని వెళ్లి చూడమని కంటోన్మెంటు బోర్డునూ కార్పొరేషన్‌నూ అడుగుతున్నాం. అడుగు పొడవున్న నిట్టనిలువు గడ్డ కారు అడుగును గీకేస్తే తప్పు కారుదనడం అన్యాయం. ఆ గడ్డ మీద స్కూటరు ఎగిరిపడి మనిషి కింద పడితే పరిస్థితి మరీ దారుణం.

2019 సవరణ చట్టంలోని రెండు సెక్షన్లను పక్కపక్కన పెట్టి చదవండి. కారు యజమాని అనుమతి లేని మార్పు చేస్తే 182ఏ కింద జైలు దాకా వెళ్లవచ్చు, ఆ మార్పు వల్ల ఎవరికీ గీత పడకపోయినా సరే. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించని సంస్థకు, కాంట్రాక్టరుకు 198ఏ వర్తిస్తుంది. అక్కడ జైలు లేదు, గరిష్ఠంగా లక్ష రూపాయల జరిమానా, అది కూడా ఆ లోపం వల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా మాత్రమే. ఒకే సవరణ చట్టంలో పౌరుడికొక తూకం, రోడ్డేసినవాడికొక తూకం ఎలా కుదిరాయో పార్లమెంటు జవాబు చెప్పాలి.

పాత కారు నుంచి వసూలు చేసేదానికి మాత్రం కొలతలు కచ్చితంగా ఉన్నాయి. పదిహేనేళ్లు నిండిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. ఇరవై ఏళ్లు దాటితే 10,000 చేస్తూ 2025 ఆగస్టులో మళ్లీ సవరించారు. ఐదేళ్లకోసారి ఇది కట్టాలి, హరిత పన్ను అదనం. ఇంత తీసుకున్నప్పుడు ఆ కారును లిఫ్ట్ ఎక్కించి బుష్‌లు, బాల్ జాయింట్లు, స్ప్రింగులు చూసి, ఏది మార్చాలో రాసి చేతికివ్వడం ప్రభుత్వం బాధ్యత. పాత కార్లను రోడ్డు మీద నుంచి తొలగించాలని ప్రభుత్వం అనుకుంటే అది దాని విధానం, దాని మీద వాదన వేరే. ఉంచుకోవడానికి రుసుము తీసుకున్న తర్వాత సురక్షితంగా ఉంచుకునే మార్గం మూసేయడానికి మాత్రం ఏ సమర్థనా లేదు.

కేంద్ర మంత్రిత్వ శాఖ 52వ సెక్షన్ కింద తనకున్న అధికారంతో సస్పెన్షన్ మార్పులకు ప్రమాణం ప్రకటించాలి. ఎంత దించవచ్చో, ఎంత ప్రయాణం మిగలాలో, నేలకు కనీసం ఎంత ఎత్తుండాలో సెంటీమీటర్లలో రాయాలి. కోసిన, కాల్చిన స్ప్రింగులను పేరు పెట్టి నిషేధించాలి. ఆమోదించిన స్ప్రింగు, షాక్ జతలకు ఏఆర్ఏఐ ముద్ర, బిగించే వర్క్‌షాపుకు అనుమతి, ఆర్సీలో ఒక్క పంక్తి నమోదు చాలు. ఈలోగా తెలంగాణ రవాణా శాఖ కనీసం ఒక సర్క్యులర్ ఇవ్వాలి. అసలు ఎత్తుకు తెచ్చే రిపేరు మార్పు కిందికి రాదని, రశీదు చూపిన యజమానిని వేధించకూడదని అందులో స్పష్టం చేయాలి. కంటోన్మెంటు బోర్డు తన పరిధిలోని ప్రతి స్పీడ్ బ్రేకరునూ కొలిచి ఆ కొలతలను జనం ముందు పెట్టాలి. ఐఆర్‌సీ 99కు సరిపోనివాటిని తవ్వి మళ్లీ వేయాలి.

దీనికి గడువు కూడా ఉంది. చివరి మారుతీ 800 కర్మాగారం నుంచి బయటికొచ్చింది 2014 జనవరిలో. 2029 నాటికి ఆ చివరి కార్లు కూడా పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వరస కడతాయి. ప్రమాణం రాయడానికి, పరీక్షించడానికి, వర్క్‌షాపులను సిద్ధం చేయడానికి అప్పటిదాకా ఉన్న సమయం సరిపోతుంది, పని ఈ ఏడాదే మొదలుపెడితే.