చిన్న పందెం ఎవరికి చిన్నది?

"చిన్న పందెమే కదా! పైగా పోకర్ నైపుణ్యంతో ఆడే ఆట" అని మన యువకులు కొందరు వాదిస్తున్నారు. ఆ నైపుణ్యం ఏమిటో చూద్దాం.

చిన్న పందేల ఆటలో ఆరితేరినవారు చెప్పే సూత్రం ఇది: బ్లఫ్ చేయకు. మంచి ముక్కలు పడితే దాచుకోకు, ప్రతి రౌండులోనూ గట్టిగా పందెం కాయి. ఎందుకు? ఎదుటివాడు కొత్తవాడు. చేతిలో ఒక్క జత ఉన్నా ముక్కలు పడేసి తప్పుకోడు, చివరిదాకా డబ్బు పెడుతూనే ఉంటాడు. మీ మూడు ఏస్‌ల విలువ అతని జేబులోని డబ్బే.

లెక్క ప్రకారం ఈ సూత్రం సరైనదే. మా అభ్యంతరమూ అదే. పేకాట కొత్తగా ఏమీ పుట్టించదు. తెలియనివాడి జేబులోది తెలిసినవాడి జేబులోకి మారుస్తుంది. ఆట నడిపేవాడు రేక్ పేరుతో మధ్యలో కోత వేస్తాడు. వంద రూపాయల ఆటకు ఐదు కోత అనుకున్నా, ఇరవై ఆటలకు వంద రూపాయలు అతనివే.

2023లో మద్రాసు హైకోర్టు పోకర్‌ను నైపుణ్యపు ఆటగా గుర్తించింది. 2025లో పార్లమెంటు నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. చట్టం యాప్‌ను మూయించగలదు. హాస్టల్ గదిలో పేకాటకు పరిచిన దుప్పటిని మడత పెట్టాల్సింది మనమే.

పొరుగువానిది ఆశించవద్దన్న పదవ ఆజ్ఞను సండే స్కూల్లో పిల్లలకు కంఠతా నేర్పిస్తున్నాం. అదే పొరుగువాని అమాయకత్వాన్ని కనిపెట్టి గుంజుకోవడాన్ని నైపుణ్యమని ఎలా మెచ్చుకుంటాం? పేదల నెత్తురు పీల్చే వడ్డీ వ్యాపారికీ లెక్కలు బాగా వచ్చు. యువతీ యువకులారా, వచ్చే యూత్ మీటింగులో ఈ మాట ఎత్తండి.