పాలు లేని మీగడ

ఇటలీ వెళ్ళివచ్చిన మన మిత్రుల యాత్రాకథనాల్లో ఒక అధ్యాయం తప్పనిసరి. ఏ సందులో ఏ జెలాతో దుకాణం ఉంది, ఏ రుచి కోసం ఎంతసేపు వరుసలో నిలబడ్డారు, అన్నీ సవివరంగా ఉంటాయి. ముగింపు మాత్రం అందరిదీ ఒక్కటే: "మన ఊళ్ళలో ఇలాంటిది కలలో మాట." నా పేచీ ఆ చివరి వాక్యంతోనే. కరీంనగర్‌లో పుట్టి పెరిగినవాణ్ణి కనుక అది నాకు కాస్త ఎక్కువగానే గుచ్చుకుంటుంది.

నేనూ ఫ్లోరెన్సు వెళ్ళాను. నాలుగు రోజుల్లో తొమ్మిది దుకాణాలు తిరిగాను. మొదటిరోజు అందరిలాగే మోసపోయాను. పెద్ద చర్చికి దగ్గరలో, అద్దాల వెనక గోపురాల్లా పేర్చిన రంగుల గుట్టలు చూసి ఆగిపోయాను. చిలకపచ్చ పిస్తా తీసుకున్నాను. చక్కెర తప్ప మరేమీ తెలియలేదు. మా బసయజమానురాలైన వృద్ధురాలు విని నవ్వి, పాఠం చెప్పింది. అసలు పిస్తా మట్టిరంగు కలిసిన పచ్చదనంతో ఉంటుంది. అరటిపండుది మాసిన తెలుపే గాని పసుపు కాదు. అంత ఎత్తున కరగకుండా నిలబడిందంటే అందులో గాలీ, గట్టిపరచే పొడులూ ఎక్కువని అర్థం. మంచివాడు మూతపెట్టిన ఉక్కుగిన్నెల్లో దాచుకుంటాడు. కాలం కాని కాలంలో పండు పేరు పలకడు. మరునాడు ఆమె పంపగా వివోలీ అనే పాత దుకాణానికి వెళ్ళాను. అది తొలుత పాల దుకాణంగా మొదలైందట. ఆ ఒక్క మాట నాకు అక్కడి రుచికన్నా ఎక్కువకాలం గుర్తుండిపోయింది.

ఈ లక్షణాల్లో ఇటలీకే సొంతమైనది ఏముంది చెప్పండి? జెలాతో అంటే ఆ భాషలో గడ్డకట్టినదనే అర్థం. సాధారణంగా ఐస్‌క్రీంలో కంటే పాలు ఎక్కువ, మీగడ తక్కువ, గాలి తక్కువ; చలి కూడా కాస్త తక్కువే, అందుకే నాలుకకు రుచి త్వరగా అందుతుంది. మనకు పాలు కరువా? ఆరేడు శాతం వెన్న ఉండే బర్రెపాలు మా పల్లెల్లో పొద్దున్నే క్యాన్లకెక్కుతాయి. పండు కరువా? దసరా వచ్చిందంటే ఆదిలాబాద్ అడవుల సీతాఫలాలు గంపలకొద్దీ రోడ్ల పక్కకు చేరతాయి. కోసి, మోసి తెచ్చిన ఆడవాళ్ళు మాపటికి, మెత్తబడతాయన్న భయంతో అడిగిన ధరకే ఇచ్చి వెళతారు. సీతాఫలపు గుజ్జును కాచితే చేదెక్కుతుంది. గింజలు చేత్తో తీసి, చల్లని పాలలోనే కలపాలి. ఇది యంత్రానికన్నా ఓపికకు లొంగే పని. ఆ ఓపిక హైదరాబాదులో ఉంది. 1935 నాటి మొజంజాహి మార్కెట్టులో, ఐసూ ఉప్పూ నింపిన పీపాల మధ్య చేత్తో తిప్పి చేసే పండ్ల ఐస్‌క్రీంకు పెద్ద పేరు. అక్కడికి కరీంనగర్ నూట అరవై కిలోమీటర్లు. మరి ఆ విద్య ఇంతదూరం ఎందుకు రాలేదు?

జవాబు నాకు మా ఇంటి పెళ్ళిలోనే దొరికింది. మా అమ్మాయి పెళ్ళికి వంటవాళ్ళ చేత ఐస్‌క్రీం కప్పులు తెప్పించాను. మా చిన్నాయన ఇరవై ఏళ్ళు పాలకేంద్రానికి పాలు పోసినవాడు. రెండు చెంచాలు తిని, నాలుక అంగిటికి రాసుకుని, నన్ను పిలిచాడు.

"బిడ్డా, గిండ్ల పాలు ఏడున్నయ్‌రా? నూనె పట్టినట్టున్నది."

మూత తిప్పి చూశాను. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: ఫ్రోజెన్ డెజర్ట్, వనస్పతి కొవ్వుతో. పైన బొమ్మ మాత్రం పాలధారది. ఐదువందలమందికి పంచినవాణ్ణి నేను. చదవనివాణ్ణీ నేనే.

మన ఆహార నిబంధనల ప్రకారం ఐస్‌క్రీం అనాలంటే కనీసం పది శాతం పాలకొవ్వు ఉండాలి. లీటరు బరువు 525 గ్రాములకు తగ్గకూడదు, అంటే గాలికీ ఒక హద్దు ఉంది. పాలకొవ్వు బదులు నూనెకొవ్వు వాడితే దానిని ఫ్రోజెన్ డెజర్ట్ అనాలి. ఈ తేడా మీద రెండు పెద్ద కంపెనీలు ప్రకటనల విషయమై 2017లో బొంబాయి హైకోర్టుకెక్కాయి కూడా. అక్కడ న్యాయవాదులు వాదించుకున్న మాటను మన పెళ్ళిపందిట్లో ఎవరూ అడగరు.

"నూనెకొవ్వు విషం కాదు, చట్టమే ఒప్పుకుంది" అంటారు. నిజమే, నేను విషమనడం లేదు. పాల ధర తీసుకుని నూనె పెడుతున్నారంటున్నాను. "పేదవాడికి చౌకగా దొరకొద్దా?" అంటారు. పేదవాడి ఐసు నాకు బాగా తెలుసు. ఎండాకాలం సైకిలు మీద డబ్బా కట్టుకుని, హారన్ కొట్టుకుంటూ వచ్చే ఐసబ్బాయి దగ్గర సేమ్యా ఐసు కొనుక్కుని పెరిగాం. నీళ్ళు, చక్కెర, రంగు, నాలుగు సేమ్యా పోగులు. అది ఐసే, ఐసనే అమ్మాడు. అతని డబ్బా మీద పాలధార బొమ్మ లేదు.

కనుక విదేశాలు తిరిగివచ్చే మిత్రులకు ఒక మనవి. ఫ్లోరెన్సులో మీరు అద్దం ముందు నిలబడి ఏ పండు, ఏ పాలు, ఎప్పుడు చేశారని అడుగుతారు. అదే మీరు మంచిర్యాలలో, నిర్మల్‌లో, జగిత్యాలలో దిగగానే నోరు మెదపరు. ఏసీ ఉందా, పైన చాక్లెట్ పోశాడా అని చూసి మార్కులేస్తారు. అడిగేవాడు లేనిచోట చేసేవాడు పుట్టడు. రామగుండం ఎండలు నలభై ఆరు దాటే గడ్డ మీద చల్లని తీపికి గిరాకీ లేదనడం హాస్యాస్పదం. గిరాకీ ఉంది, అడగడమే లేదు.

ఈసారి మన ఊరికి వచ్చినప్పుడు మూత తిప్పి చదవండి. దుకాణదారును మర్యాదగానే అడగండి: "అన్నా, ఇది పాలతో చేసిందా?" పదిమంది అడిగితే అతను తడబడతాడు. వందమంది అడిగితే పాలకేంద్రానికి వెళతాడు, దసరా నాడు ఆ గంపల ముందూ ఆగుతాడు.

చిన్నాయన ఇప్పుడు లేడు. ఆయన అడిగిన ప్రశ్నకు నేనింకా జవాబు బాకీ ఉన్నాను.