బిగిసినంత మాత్రాన సరిపోయినట్లేనా?



పదవీ విరమణ చేసిన మన రైల్వే, తపాలా ఉద్యోగుల ఇండ్ల ముందు నేటికీ మారుతి 800లు, అంబాసిడర్లు కనిపించుచున్నవి. భవిష్యనిధి నుండి తీసిన డబ్బుతోనో, జీతములో నెలనెలా కోత పడిన అడ్వాన్సుతోనో కొన్న బండ్లవి. అట్టి కారు ఇంజను చెడిపోయిన నాడు యజమానికి రెండు బోధలు వినిపించుచున్నవి. "బండి మొత్తం తుక్కుకు వేయుము" అనునది మొదటిది. "అదే సీసీ గల పాత ఇంజను ఏది దొరికినా తెచ్చి వేయుము" అనునది రెండవది. రెండును అసత్యములే. రెండింటి మూల్యమూ చెల్లించుచున్నది ఉద్యోగియే.

ఇంజను చెడినంత మాత్రాన వాహనము చచ్చినట్లు కాదని రైల్వే కార్మికునికి ఎవరూ నేర్పనక్కరలేదు. డీజిల్ లోకోమోటివ్ ఆయుర్దాయమును 36 సంవత్సరములుగా లెక్కించి, 18 సంవత్సరముల నడి వయసులో దానిని పునర్నిర్మించిన పద్ధతి మన రైల్వేలదే. పటియాలా కార్ఖానాలో 2,600 అశ్వశక్తి గల ఇంజన్లను 3,100 అశ్వశక్తికి పెంచి తిరిగి పట్టాలెక్కించినవారు మన కార్మికులే. అయితే అచట డ్రాయింగు చూడకుండా, పార్టు నెంబరు సరిచూడకుండా, తనిఖీ లేకుండా ఒక్క బోల్టు కూడ బిగించరు. ఆ క్రమశిక్షణ లేని మార్పిడి మరమ్మతు కాదు, జూదము.

ఇక సీసీ వాదమును పరిశీలింతము. మారుతి 800, ఆమ్నీ వ్యాను, తొలినాటి ఆల్టో - ఈ మూడింటి ఇంజన్లూ 796 సీసీవే, మూడు సిలిండర్లవే. కాని 800లో ఇంజను అడ్డముగా కూర్చుండి ముందు చక్రములను త్రిప్పును. ఆమ్నీలో ముందు సీట్ల క్రింద నిలువుగా ఉండి వెనుక చక్రములను త్రిప్పును. తొలి 800 ఇంజనులో సిలిండరుకు రెండు వాల్వులు. ఆల్టో ఇంజనులో నాలుగు. కార్బురేటరు గల పాత 800లో తర్వాతి కాలపు ఎంపీఎఫ్ఐ ఇంజను దించినచో దాని కంట్రోల్ యూనిట్, సెన్సార్లు, వైరింగు, పెట్రోలు పంపు అన్నియూ వెంట రావలసినదే. అంబాసిడరు కథయూ ఇంతే. 1,489 సీసీ పాత ఇంజను వేరు, 1990లలో వచ్చిన 1,817 సీసీ ఇసుజు ఇంజను వేరు. రెండవది తన ఐదు గేర్ల గేరుబాక్సుతో వచ్చినది. ఇంజను మాత్రమే కొన్నవాడు సగము బేరమే చేసినట్లు.

పిన్ కోడులో ఒక్క అంకె తప్పినచో ఉత్తరము ఎక్కడికి పోవునో తపాలా ఉద్యోగికి తెలియును. ఇంజను బ్లాకుపై చెక్కిన కోడు, నెంబరు కూడ అట్టివే. వాటిని చదువకుండా బయానా ఇవ్వరాదు. అన్ని సిలిండర్లలో కంప్రెషన్ కొలిపించవలెను; ఒకటి మిగిలినవాటికన్న బాగా తగ్గినచో ఆ ఇంజను వదలివేయవలెను. ఆయిలు మూత క్రింద పాల నురుగు వంటిది కనిపించినచో ఆయిలులో నీరు చేరినదని అర్థము. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు ఇంజను బయట ఉండగానే మార్పించవలెను. బిగించిన తరువాత క్లచ్ ప్లేటు కొరకో, వెనుక సీలు కొరకో మరల విప్పినచో కూలి రెండింతలగును.

చట్టమును మరువరాదు. రిజిస్ట్రేషను పత్రములో ఇంజను నెంబరు ఉండును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ఇంజను మార్పిడిని రవాణా అధికారి అనుమతికి లోబరచినది. నెంబరు కలియని బండికి ప్రమాదము జరిగిన నాడు బీమా కంపెనీ తప్పించుకొనుటకు త్రోవ మనమే చూపినట్లగును. ఇంజను మారినను బండి వయసు మారదు. పదిహేనేండ్ల గడువు రిజిస్ట్రేషను తేదీ నుండియే లెక్క. 2022 ఏప్రిల్ 1న కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుమును 600 నుండి 5,000 రూపాయలకు పెంచిన ప్రభుత్వము, నిజాయితీగా మరమ్మతు చేయించుకొను సామాన్యునికి సులభ మార్గము చూపవలసిన బాధ్యత నుండి తప్పుకొనజాలదు.

కావున మేము కోరుచున్నవి ఇవి:

1. పాత ఇంజను అమ్మువాడు ఇంజను నెంబరు, అది ఏ బండి నుండి దిగినదో ఆ బండి రిజిస్ట్రేషను నెంబరు, వాపసు గడువు వ్రాసి రసీదు ఇవ్వవలెను.

2. రవాణా కార్యాలయములు ఇంజను మార్పిడి దరఖాస్తులను నిర్ణీత గడువులో, దళారీ ప్రమేయము లేకుండా పరిష్కరించవలెను.

3. పాత నమూనాల విడిభాగముల నెంబర్ల పట్టికలను తయారీదారులు మెకానిక్కులందరికీ అందుబాటులో ఉంచవలెను.

ఇవి సాధించువరకు మన రక్షణ మన చేతిలోనే ఉన్నది. రసీదు లేని ఇంజనును, నెంబరు చెరిపిన ఇంజనును ఎంత చౌకగా ఇచ్చినను కొనకుడు. మన శాఖలలో మోటారు పని తెలిసిన సోదరులున్నారు. ఒకరిని వెంట తీసికొని వెళ్లుడు. జీవితకాలపు కష్టార్జితమును "సరిపోవునులెండి" అను ఒక్క మాటకు అప్పగించకుడు.