ఆత్మరక్షణమును, క్షణనిర్ణయమును

మన పాఠశాలలలో బాలికలకు ఆత్మరక్షణవిద్య నేర్పుట ప్రభుత్వవిధానములో భాగమైనది. సమగ్ర శిక్షా పథకము క్రింద రాణీ లక్ష్మీబాయి పేరిట ఆఱవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు మూడునెలల శిక్షణ యేర్పాటు చేయబడినది. సంతోషమే. వార్షికోత్సవమున బాలికలు బారులుతీఱి నిలిచి, ఈల వినబడినంతనే పిడికిళ్లు విసరుదురు. తలిదండ్రులు చప్పట్లు చరతురు. కాని యా యీల యూదినవాడెవరు? గురువు. ఎప్పుడు కొట్టవలెనో, ఎవరిని కొట్టవలెనో, అసలు కొట్టవలెనో మానవలెనో సర్వము నాతడే నిర్ణయించినాడు. బాలికకు మిగిలినది చేతిపని మాత్రమే. వీథిలో నాపద వచ్చినప్పుడు ఈల యూదువా డుండడు.

రాత్రి భుజించుచుండగా దీప మాఱినను తన చేయి నోటికి దారి తప్పకుండుట గమనించి, అర్జునుడు నాటినుండి చీకటిలో విలువిద్య సాధించెనని భారతకథ. అభ్యాసబలమునకు దీనిని నుదాహరింపని యుపాధ్యాయుడు లేడు. ఆ కథలో మనము మఱచునది యొకటి గలదు. ఏ చీకటిలో బాణము వేయవలసివచ్చునో ఆ చీకటిలోనే యాతడు సాధనచేసెను. వెలుతురులో చాపమీద నవ్వుచు నేర్చిన ఇరువది పట్లు గుండె దడదడలాడు వేళ జ్ఞప్తికి రావు. ఎన్నుకొనవలసిన మార్గములు హెచ్చినకొలది నిర్ణయమునకు పట్టు కాలము హెచ్చునని హిక్ అను ఆంగ్ల మనశ్శాస్త్రజ్ఞుడు 1952లోనే చూపెను. ఇరువదికంటె మూడు మేలు.

ఆపద యెల్లప్పుడు అపరిచితుని రూపమున రాదు. మన దేశపు నేరగణాంకములను జూడుడు: బలాత్కార నేరములలో నూటికి తొంబదికి మించినవాటిలో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. అట్టిచోట చేతిని పట్టి నిలుపునది భయము మాత్రమే కాదు, మొగమాటము. ‘బంధువు గదా, మేష్టారు గదా, ఏమనుకొనునో’ యను తలంపులో విలువగల నిమిషము గడచిపోవును. (నేరము నేరగానిదే, ఆ నిమిషము జాఱవిడిచినదని బాలికను నిందించువారితో మాకు పనిలేదు.) కెనడాలో మూడు విశ్వవిద్యాలయములందు 893 మంది విద్యార్థినులతో జరిగిన పరిశోధనఫలితములు 2015లో వెలువడినవి. పండ్రెండుగంటల శిక్షణలో దెబ్బలకంటె ముందు ఆపదను గుర్తించుట, మొగమాటమును దాటుట, గట్టిగా వలదనుట నేర్పిరి. ఏడాదిలోపల బలాత్కారమునకు గురియైనవారు శిక్షణ పొందినవారిలో నూటికి 5.2, కరపత్రములు మాత్రము అందుకొన్నవారిలో 9.8. కరపత్రములు పంచి తృప్తిచెందు మన సంఘములు ఈ రెండంకెలను చదువవలెను.

న్యాయవాదికి మఱియొక చిక్కు గోచరించును. 1860 నాటి శిక్షాస్మృతిలోని యాత్మరక్షణహక్కు, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 మొదలు 44 వఱకు గల సెక్షన్లలో చేరినది. శరీరరక్షణహక్కు సహేతుకమైన యాపదభయముతో పుట్టును. ఆ భయము తీఱుటతో తీఱును. అవసరమునకు మించిన హాని చేయరాదు. దుండగీడు పాఱిపోయిన పిమ్మట వెంటబడి కొట్టిన దెబ్బకు ఆ హక్కు అండ కాదు. దెబ్బలు తినుచున్నవాడు తన ప్రతిక్రియను లెక్కగట్టి తూచవలెననుట తగదని సుప్రీముకోర్టు 2010 నాటి తీర్పులో నంగీకరించినది. అయినను మూడు క్షణములలో ముగిసినదానిని న్యాయస్థానములు ఏండ్లకొలది విచారించుట మేమెఱుగుదుము. కావున కొట్టుటతోపాటు ఆగుటయు నేర్పవలసినదే. మన శిక్షణలలో దీని యూసే లేదు.

రాబోవు ప్రదర్శనమునాడు పాఠశాలా సంఘములవారు ఈలను ప్రక్కన పెట్టింతురుగాక. ఒక మనిషిని బాలికయొద్దకు పంపుడు: ఒకమాఱు దారి యడుగుటకు, ఒకమాఱు చేయి పట్టుటకు, ఒకమాఱు చేయి పట్టి విడిచి పాఱిపోవుటకు. ఏది యెప్పుడో ఆమెకు ముందుగా తెలియరాదు. కేక వేయుటో, కొట్టుటో, తొలగిపోవుటో, ఊరకుండుటో ఆమెయే తేల్చుకొనవలెను. తప్పినచో మరల చేయింపుడు.