శని, ఆదివారాల రైలు

1949లో బోస్టన్ నగర మేయరు పదవికి పోటీచేసిన వాల్టర్ ఓబ్రయన్ వద్ద ప్రచారానికి తగిన ధనం లేదు. పాటలు మాత్రం ఉన్నవి. నగర రైళ్ల ఛార్జీల హెచ్చింపును నిరసిస్తూ ఆయన కొరకు ఇద్దరు స్త్రీలు కట్టిన పాటలో, చార్లీ అనే పేదవాడు రైలెక్కి, దిగేచోట చెల్లించవలసిన అదనపు నాణెం చేత లేక, భూగర్భంలోనే తిరుగుతూ ఉండిపోతాడు. ఎన్నికలో ఓబ్రయన్ చిత్తుగా ఓడిపోయినారు. పాట మాత్రం బ్రదికి, 1959లో కింగ్‌స్టన్ ట్రయో అనే గాయకబృందం నోట దేశమంతటా మారుమ్రోగినది. నేడు ఆ రైళ్లను నడుపుతున్న మసాచుసెట్స్ బే రవాణాసంస్థ 2006లో తన టికెట్టు కార్డుకు చార్లీ పేరే పెట్టుకొన్నది. ఛార్జీలపై పుట్టిన నిరసనను ఛార్జీలు వసూలుచేసే సాధనానికే పేరుగా తగిలించుట బోస్టన్‌వారికే చెల్లినది!

చార్లీకి కొరవడినది చిల్లర. అతని తర్వాతి తరాలవారికి శని, ఆదివారాలు వచ్చేసరికి కొరవడుతూ వచ్చినది రైలే.

2012 జనవరిలో సంస్థవారు తమ బడ్జెట్టులో సుమారు 16 కోట్ల డాలర్ల లోటు కలదని ప్రకటించి, ప్రజల ముందు రెండు ప్రణాళికలు ఉంచినారు. ఒకదానిలో ఛార్జీలు నూటికి 43 వంతులు, రెండవదానిలో 35 వంతులు పెరుగును. ఏది అంగీకరించినను, శివారు పట్టణాలకు పోయే రైళ్లు వారాంతంలో నిలిచిపోవును. నగరంలోనే హంటింగ్టన్ వీధి మీదుగా పోయే ట్రాము శని, ఆదివారాలలో నడవదు. మాటపాన్ పేటకు 1940ల నాటి పాత పెట్టెలతో నడిచే చిన్న ట్రాముకు కూడ అదే గతి.

ఈ పట్టికను తయారుచేసినవారు ప్రయాణికుల సంఖ్యను చూచినారే గాని ప్రయాణికులను చూచినట్లు లేదు. హంటింగ్టన్ ట్రాము లాంగ్‌వుడ్ ఆసుపత్రుల సముదాయం ప్రక్కగా పోవును. రోగాలకు ఆదివారం సెలవు లేదు. నర్సులకు, వార్డులు ఊడ్చేవారికి, వంటవారికి అంతకంటె లేదు. ఆఫీసు ఉద్యోగికి రైలు తప్పితే ఇంట కారున్నది. శనివారం రాత్రి హోటలులో గిన్నెలు తోమి ఇల్లు చేరవలసినవానికి ఏమున్నది? వారాంతంలో ఎక్కేవారు తక్కువమంది అన్న మాట సత్యమే. కాని ఆ తక్కువమందిలో గత్యంతరం లేనివారి పాలు ఎక్కువ. వికలాంగుల సంగతి మరియు కఠినం. వారిని ఇంటినుండి తీసుకొనిపోయే ప్రత్యేక వాహనాలను అమెరికా చట్టం బస్సు, ట్రాము దారుల చేరువలోనే, అవి నడిచే వేళలలోనే విధిగా నడుపుమన్నది. దారి ఆగితే ఆ విధి కూడ ఆ మేరకు సడలును.

అందువలన పలు పట్టణాలలో జరిగిన బహిరంగ విచారణ సభలు జనంతో క్రిక్కిరిసినవి. వృద్ధులు, విద్యార్థులు, చక్రాల కుర్చీలలో వచ్చినవారు అధికారుల ముఖాన నిలిచి మాటలాడినారు. ఆ అధికారులను దుష్టులుగా చిత్రించుట న్యాయం కాదు. 2000 సంవత్సరపు ఏర్పాటు ప్రకారం రాష్ట్రం అమ్మకపు పన్నులో అయిదవ వంతును సంస్థకు ఒప్పగించి, దానితోబాటు వందల కోట్ల పాత అప్పును కూడ నెత్తిన పెట్టినది. అమ్మకపు పన్ను ఆశించినట్లు పెరగలేదు. 2012 నాటికి అప్పు 500 కోట్ల డాలర్లు దాటినది. ఆ భారంలో కొంత, నగరం నడుమ భూగర్భంలో త్రవ్విన మహారహదారికి పరిహారంగా కల్పించవలసివచ్చిన రైలు వసతుల వలన కలిగినది. మోటారు దారి పుణ్యాన పుట్టిన అప్పును రైలు ప్రయాణికుడు తీర్చవలసివచ్చెనన్నమాట.

ఆ పరిహారాలలో ఒకటైన గ్రీన్‌బుష్ రైలుమార్గం చరిత్ర చూడదగినది. చార్లీ పాట దేశమంతటా మ్రోగిన 1959లోనే ఈ దారిన ప్రయాణికుల రైళ్లు ఆగిపోయినవి. తిరిగి వేయబోగా హింగమ్ పట్టణవాసులు తమ ఊరి నడిబొడ్డున రైలు వలదని పట్టుపట్టినారు. వారి కొరకు సొరంగం త్రవ్వవలసివచ్చినది. 50 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి 2007 అక్టోబరులో మార్గం తెరచినారు. అయిదేండ్లు నిండకముందే, 2012 జూలైలో, వారాంతపు రైళ్లు తీసివేసినారు. 2013 డిసెంబరులో మరల ఇచ్చినారు. 2021 జనవరిలో కోవిడ్ పేరిట మరల తీసివేసి, జూలైలో మరల ఇచ్చినారు. ఇట్టి దారిని నమ్ముకొని శనివారపు ఉద్యోగానికి ఎవడు ఒప్పుకొనగలడు? ఇల్లెక్కడ కొనుక్కొనవలెనో ఎవడు నిశ్చయించుకొనగలడు?

2012 ఆందోళన వృథా కాలేదు. ఛార్జీల హెచ్చింపు సగటున 23 వంతులకు దిగినది; రెండు ట్రాములు నిలిచినవి; గ్రీన్‌బుష్, ప్లిమత్, నీధమ్ మార్గాలకు మాత్రం దెబ్బ తగిలినది. 2017లో శివారు రైళ్లన్నింటిని ఏడాదిపాటు వారాంతంలో ఆపుదమన్న ఆలోచన తిరిగి లేచినది. దాని వలన మిగిలేది సుమారు కోటి డాలర్లు. సంస్థ సాలుసరి వ్యయం దాదాపు 200 కోట్లు. పట్టాలు, స్టేషన్లు, సిగ్నళ్లు, వడ్డీ రైలు నడిచినను నడవకపోయినను తప్పనివి. నూటికి అరవంతు ఆదా కొరకు వారంలో రెండు రోజులు ఊళ్లకు తలుపులు మూయుట ఎట్టి లెక్కయని ప్రజలు అడిగినారు. కొద్ది వారాలలో ప్రతిపాదన మూలబడినది.

మరుసటి సంవత్సరమే అదే సంస్థ విపరీతమైన ప్రయోగం చేసినది. వారాంతంలో ఎంత దూరమైనను, ఎన్నిమారులైనను తిరుగుటకు 10 డాలర్ల టికెట్టు ప్రవేశపెట్టినది. జనం ఎక్కినారు, టికెట్టు స్థిరపడినది. కోవిడ్ తర్వాత పనిదినాల రద్దీ కంటె వారాంతపు రాకపోకలే త్వరగా కోలుకొన్నవి. ఇంటినుండి పనిచేయు ఆఫీసు ఉద్యోగి సోమవారం రైలును విడిచినాడు గాని ఆదివారం ప్రయాణికుడు విడువలేదు. ఎక్కేవారు లేరని ఆపదలచిన రోజులే సంస్థకు ఆసరాగా నిలిచినవి.

2022 నవంబరులో మసాచుసెట్స్ ఓటర్లు, ఏటా పదిలక్షల డాలర్లకు మించిన ఆదాయంపై నూటికి నాలుగు వంతుల అదనపు పన్నును స్వల్పాధిక్యంతో ఆమోదించినారు. ఆ పన్ను విద్యకు, రవాణాకు చెందవలెనని నిర్ణయం. అందులో రైలు పాలెంతయో ప్రతి సంవత్సరం శాసనసభ తేల్చవలసియున్నది.