చెట్టు కొట్టడం ఎప్పుడూ పాపమేనా?

ఏటా వనమహోత్సవం నాడు హాస్టల్ ఆవరణలో మొక్కలు నాటి, చెట్టును నరకబోమని ప్రమాణం చేస్తూ పెరిగినవాళ్ళం మనం. ఆ ప్రమాణం మంచిదే. కానీ అడవి అంచు ఊళ్ళ నుంచి వచ్చి, ఇంట్లో మొదటిసారిగా పీజీ దాకా చదివిన మాలాంటివాళ్ళం ఒక మాట చెప్పక తప్పదు. అడవిలో కొన్ని చోట్ల చెట్టు కొడితేనే జంతువులకు మేత దొరుకుతుంది.

ఇది మన అమ్మలకు తెలియని సంగతి కాదు. తునికాకు సీజన్‌కు ముందు తునికి పొదలు కొట్టే పనికి పోతారు. కొన్ని వారాలకు మోడు నుంచి లేత చిగురు వస్తుంది. ఆ ఆకే కల్లానికి చేరుతుంది. చుక్కల దుప్పికి కావలసిందీ అలాంటిదే, నోటికందే ఎత్తులో లేత మేత. కొండముచ్చులు పైనుంచి తుంచి పడేసే ఆకుల కోసం దుప్పులు చెట్టు కింద కాచుకొని ఉంటాయి. పై కొమ్మలు వాటికి అందవు మరి.

కవ్వాల్ సంగతి చూడండి. 1965లో అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వు అయింది. అక్కడ టేకు ఎక్కువ. ఒత్తుగా పెరిగిన టేకు కింద వెలుతురు పడక గడ్డి పలచబడుతుంది. గడ్డి లేని చోట దుప్పి ఉండదు, దుప్పి లేని చోట పులి నిలవదు. కాబట్టి అలాంటి చోట టేకును పలుచన చేయాలి, లంటానా పొదలను వేళ్ళతో సహా పెకిలించాలి. ఇప్ప, తునికి, ఉసిరి జోలికి మాత్రం పోకూడదు. ఇప్పపువ్వు ఎలుగుబంటికీ ఇష్టం, దుప్పికీ ఇష్టం. (మన ఊళ్ళవాళ్ళకూ ఇష్టమే, అది వేరే కథ!)

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 29వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యంలో ఇలాంటి పని వన్యప్రాణుల మేలు కోసమైతేనే అనుమతిస్తారు. అలా తీసినదాన్ని చుట్టుపక్కల ప్రజల సొంత అవసరాలకు వాడవచ్చు, వ్యాపారానికి వాడరాదు. ఈ మాట మన ఊళ్ళలో ఎందరికి తెలుసు? వంటచెరకు మోపు ఎత్తుకొస్తే గొడ్డలి గుంజుకున్న రోజులు మా ఇళ్ళు చూశాయి. అదే గొడ్డలిపని ఆఫీసు కాగితం మీద ‘అటవీ నిర్వహణ’ అవుతుంది.

మేత పేరు చెప్పి కలప లారీలు కదులుతాయని కొందరి భయం. అది ఉత్త భయం కాదు. అభయారణ్యాల నుంచి ఎండు చెట్లను, గడ్డిని కూడా తీయించవద్దని 2000లో సుప్రీంకోర్టు ఆదేశించిన సంగతి మరువరాదు. అయితే అనుమతి వచ్చిన చోటైనా, ఏ చెట్టు కొడతారో ముందు గ్రామసభలో చెప్పాలి. కొట్టే కూలి ఆ ఊరివాళ్ళకే ఇవ్వాలి. ఎన్ని మోపులు ఎవరింటికి పోయాయో పంచాయతీ గోడ మీద రాయాలి. కొట్టిన చోట గడ్డి మొలిచిందా, దుప్పి అడుగులు పెరిగాయా అని మరుసటి వానాకాలం పోయి చూసి రాయడానికి బాటనీ, జువాలజీ చదివిన మన హాస్టల్ పిల్లలను పిలవాలి. మేము రావడానికి సిద్ధంగా ఉన్నాం.